పక్కన కూర్చోబెట్టిన మనిషి

ఆ రోజు పొద్దున సోలార్ ప్లాంటులో కంట్రోల్ రూము తాళం తీస్తుండగా మద్దిలేటి అన్న ఫోను చేశాడు. ఆయన ఎప్పుడు చేసినా ముందు నా కూతురి చదువు అడుగుతాడు, తర్వాత మా వైపు వాన పడిందా అని అడుగుతాడు. ఆ రోజు రెండూ అడగలేదు.

"సార్ పోయినాడప్పా" అన్నాడు.

ఏ సార్ అని నేను అడగలేదు. మా హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లకు సార్ అంటే ఒక్కరే, మా వార్డెన్ సార్. తెల్లవారి నమాజు చేసుకుని, కూతురు ఇచ్చిన టీ తాగి, కాసేపు నడుము వాలుస్తానని పడుకున్నారట. మళ్లీ లేవలేదు. సాయంత్రం కడపలో ఖననమని, ఎర్రగుంట్ల నుంచి తను బయల్దేరుతున్నానని, నన్ను కర్నూలు నుంచి నేరుగా వచ్చెయ్యమని అన్న చెప్పాడు.

బస్సు నంద్యాల దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. ఆళ్లగడ్డలో ఒక కుర్రాడు ఎక్కి, నా పక్క సీటు ఖాళీగా ఉందా అని అడిగాడు. బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలియదు. ఆయన పేరు మీద ఏ గదీ లేదు, ఏ గోడ మీదా ఆయన ఫోటో లేదు. కర్నూలులో పాలిటెక్నిక్ పిల్లలు ఉండే ఒక హాస్టల్‌కు చాలా ఏళ్లు వార్డెన్‌గా పనిచేశారు, రిటైరయ్యాక కడపలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. అంతే ఆయన ఉద్యోగం. కానీ ఇవాళ కర్నూలు, కడప జిల్లాల్లో సిమెంటు ఫ్యాక్టరీల్లో, సబ్‌స్టేషన్లలో, సోలార్ ప్లాంట్లలో, రైల్వే షెడ్లలో పని చేసుకుంటున్న ఎంతోమందిని కదిలిస్తే, ఆ పని ఎలా దొరికిందో చెప్తూ చెప్తూ ఎక్కడో ఒకచోట ఆయన దగ్గర ఆగుతారు. నేనూ అక్కడే ఆగుతాను.

మాది పత్తికొండ పక్కన చిన్న పల్లె. నాన్న టమోటా పండించేవాడు. ఎలక్ట్రికల్ డిప్లొమాలో నాకు సీటు వచ్చినప్పుడు నన్ను హాస్టల్లో దింపడానికి వచ్చి, సార్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, వీడు చదువుకుంటాడు గానీ, రేపు ఉద్యోగానికి మాకు తెలిసినోళ్లు ఎవురూ లేరు" అన్నాడు.

చేరిన రోజే ఉద్యోగం మాట ఎత్తినందుకు నాకు సిగ్గేసింది. సార్ నవ్వలేదు. కుర్చీ చూపించి, "ముందు కూర్చోప్పా. ఇప్పుడు నేను తెలిసినాను గదా మీకు? ఒకరైనారు. మిగతావాళ్లు నిదానంగా అయితారు" అన్నారు. నాన్న కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ మాటను ఊళ్లో చాలామందికి చెప్పుకున్నాడు, తనకు కర్నూలులో ఒకాయన తెలుసని.

మా హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం భోజనానికి బయటివాళ్లు వచ్చేవాళ్లు. అంతకుముందు అక్కడే చదువుకుని వెళ్లినవాళ్లు. ఏ పని మీద కర్నూలు వచ్చినా ఆదివారమైతే హాస్టల్‌కు వచ్చి తిని పోవాలని సార్ పట్టుబట్టేవారు. వాళ్లకు పెట్టేది హాస్టల్ బియ్యం కాదు. సార్ ఇంటి నుంచి పెద్ద క్యారియర్‌లో బగారా అన్నం, దాల్చా వచ్చేవి. ఆ వాసనకు మేము పదకొండు గంటల నుంచే వరండాలో తచ్చాడేవాళ్లం. వచ్చినవాళ్లకు వడ్డించగా మిగిలింది మాకే అని మాకు తెలుసు.

కానీ సార్ మమ్మల్ని మా ఇష్టం వచ్చినచోట కూర్చోనిచ్చేవారు కాదు. తువ్వాలు భుజాన వేసుకుని డైనింగ్ హాలు గుమ్మంలో నిలబడేవారు. "ఏమప్పా, నువ్వు ఇట్ల రా. ఈ అన్న పక్కన కూర్చో" అని ఒక్కొక్కరినీ ఒక్కోచోట కూర్చోబెట్టేవారు. చదివి వెళ్లినాయన ఒకరు, చదువుతున్నవాడు ఒకడు. పరిచయం కూడా పొడుగ్గా ఉండేది కాదు. "ఈయన మద్దిలేటి. సిమెంటు ఫ్యాక్టరీలో మోటార్లు చూస్తాడు. వీడు పత్తికొండ పిల్లోడు. మాట్లాడుకోండి." అంతే, పప్పు బకెట్టు పట్టుకుని అవతలి వరసకు వెళ్లిపోయేవారు.

నేను మద్దిలేటి అన్న పక్కన కూర్చున్నది అలాగే. ముందు రోజు సాయంత్రమే సార్ మాకు ఒక మాట చెప్పి ఉంచారు. "ఉద్యోగం మాట ఎత్తొద్దు. ఆయన పని ఏందో అడుగు. పొద్దున పోయినకాడి నుంచి ఏం చేస్తాడో అడుగు. మనిషికి తన పని గురించి అడిగేవాళ్లు దొరకరప్పా. ఇంట్లో కూడా అడగరు."

నాకు మాట్లాడటం చేతకాదు. అన్నం సగం అయ్యేదాకా తల ఎత్తలేదు. చివరికి, "అన్నా, అంత పెద్ద మోటారు ఆగిపోతే ఏం చేస్తారు?" అని అడిగాను. అన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. అక్కడి నుంచి ఆయన చెప్తూనే ఉన్నాడు. ఆ వారమే ఫ్యాక్టరీలో ఒక మోటారు మాటిమాటికీ వేడెక్కి ఆగిపోతోందట, కారణం దొరకడం లేదట. చెయ్యి ఎండిపోయింది. సార్ వచ్చి మా ఇద్దరి కంచాలూ చూసి, "మాటల్లో పడి అన్నం తినడం మర్చిపోయినారా" అన్నారు. ఆయన మొహంలో ఎంత సంతోషమో.

ఇలా ఎందుకు చేస్తారని చాలా రోజులు మేము అడగలేదు. చివరి ఏడాదిలో ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఉంటే ఆయనే చెప్పారు.

"మీకంటే శానా ముందు ఒక పిల్లోడుండె. కాలేజీకే ఫస్టు. నోట్లో నాలుక లేదు వానికి, చదువు తప్ప ఏమీ తెలీదు. చదువైనాక ఊరికి పోయినాడు. ఒకసారి నేను పత్తికొండ మార్కెట్టుకు పోతే, ఆడ లారీకి టమోటా పెట్టెలు ఎత్తుతాండాడు. నన్ను చూసి పెట్టె మొగానికి అడ్డం పెట్టుకున్యాడప్పా."

సార్ మళ్లీ అన్నారు. "పెట్టెలు ఎత్తేది తక్కువ పని అని నేను అంటలేను. వాడు నేర్చుకున్నదంతా వాని లోపల్నే ఎండిపాయ. అన్ని చోట్లా అప్లికేషన్లు పెట్టినా సార్, నాకు ఎవురు తెలుసు అన్నాడు. మూడేండ్లు వానికి అన్నం పెట్టినా. ఒక్క మనిషిని చూపించలేకపోయినా."

అతను ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగాను.

"మళ్లా పోయి చూసినా. ఊర్లో లేడు. బెంగళూరు పోయినాడన్నారు. ఇంటికి తాళం ఏసి ఉండాది."

ఆ మాట చెప్తున్నప్పుడు సార్ గేటు వైపు చూస్తున్నారు. వచ్చేవాళ్లెవరూ లేరు. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది.

సిఫారసు చేయమని వచ్చేవాళ్లంటే మాత్రం సార్‌కు పడేది కాదు. ఫలానా ఫ్యాక్టరీలో మీ శిష్యుడు ఉన్నాడు గదా, మావాడి కోసం ఒక మాట చెప్పండి అని ఎవరైనా వస్తే, టీ ఇచ్చి పంపేసేవారు. ఒకసారి మా ముందే ఒక తండ్రితో అన్నారు. "నేను సిఫారసు చేస్తే మీవాడు ఎప్పటికీ నా మనిషిగానే ఉంటాడు. ఆ శిష్యునికీ మీవానికీ పరిచయమైతే వాని బతుకు వానిది. ఆదివారం పంపించండి, వచ్చి తినిపోతాడు." ఆ తండ్రికి కోపం వచ్చింది. కానీ ఆదివారం కొడుకును పంపించాడు.

డిప్లొమా అయ్యాక నేను ఊళ్లో కూర్చున్నాను. ఫోనులో కనిపించిన ప్రతి ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టాను. ఎక్కడి నుంచీ ఉలుకూ పలుకూ లేదు. నాన్న నన్ను రమ్మనకుండా తోటలోకి పోయేవాడు, అదే కష్టంగా ఉండేది. ఒకరోజు సార్ ఫోను చేశారు.

"మద్దిలేటితో మాట్లాడినావా?"

"ఏమని మాట్లాడాల సార్? ఉద్యోగం లేదని చెప్పాల్నా?"

"అది తర్వాత. ఆ మోటారు ఎందుకు వేడెక్కుతాండెనో దొరికిందా, అడుగు."

అడిగాను. మద్దిలేటి అన్నకు నేను గుర్తున్నాను. ఆ మోటారు సంగతి తర్వాత ఎవరూ అడగలేదట. "దొరికిందప్పా! ఫోన్లో చెప్తే అర్థం కాదు. వచ్చి చూస్తావా?" అన్నాడు.

వెళ్లాను. పొద్దంతా ఆయన వెంట ఫ్యాక్టరీ తిరిగాను. బూడిదరంగు దుమ్ములో ఆయన ఒక్కో యంత్రాన్నీ సొంత ఎద్దును చూపించినట్టు చూపించాడు. అక్కడ ఖాళీలు లేవు. కానీ మధ్యాహ్నం టీ దగ్గర, కేబుళ్ల పనికి వచ్చిన ఒక కాంట్రాక్టరు కలిశాడు. కర్నూలు వైపు సోలార్ ప్లాంటు కడుతున్నారని, పనికి కుర్రాళ్లు కావాలని, వచ్చినవాళ్లు నిలవడం లేదని చెప్పాడు. నన్ను కిందికీ పైకీ చూసి, "ఎండలో నిలబడతావా?" అన్నాడు.

"మాది పత్తికొండ సార్" అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. నా మొదటి ఉద్యోగం ఆ నవ్వుతో మొదలైంది.

స్వీట్లు పట్టుకుని హాస్టల్‌కు పరిగెత్తాను. సార్ డబ్బా మూత తీయకుండానే, "మద్దిలేటికి చెప్పినావా?" అని అడిగారు. ముందు మీకే చెబుదామని వచ్చానన్నాను. "నాకు కాదు, ముందు ఆయనకు చెప్పల్ల. ఉద్యోగం రాకముందు అందరూ ఫోన్ చేస్తారప్పా. వచ్చినాక చేసేవాడే గుర్తుంటాడు" అన్నారు. వరండాలో నిలబడి అన్నకు ఫోను చేసి వచ్చేదాకా ఆయన డబ్బా ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఆదివారాలు నేనూ బయటివాడిగా వెళ్లాను. గుమ్మంలో సార్ నన్ను చూసి, "ఇప్పుడు నువ్వు ఇటుపక్క" అనేవారు. నా పక్కన ఒక ఆదివారం రాజంపేట పిల్లవాడు ఓబులేసును కూర్చోబెట్టారు. వాడు నాకంటే మొహమాటస్తుడు. భోజనం చివర్లో, "అన్నా, అంత ఎండలో ఆ సోలార్ పలకలు పగలవా?" అని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. చెయ్యి ఎండిపోయేదాకా చెప్పాను.

పెళ్లయింది, డోన్‌లో కాపురం పెట్టాం, పాప పుట్టింది. ప్లాంటు చూసుకునే కాంట్రాక్టు వేరే కంపెనీకి మారింది. వాళ్లు వాళ్ల మనుషులను తెచ్చుకున్నారు, మా అందరినీ పంపేశారు. పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియని రోజులు అనుభవిస్తే తప్ప అర్థం కావు. అప్పటికి సార్ రిటైరై కడపలో ఉన్నారు. ఆ వయసులో ఆయనకు ఈ సంగతి చెప్పి ఏం బాధపెట్టాలని నేను చెప్పలేదు. పండక్కి ఆయన ఫోను చేసినప్పుడు మా ఆవిడ చెప్పేసింది.

మర్నాడే రైల్లో డోన్ వచ్చారు. స్టేషనుకు వెళ్లాను. అంత ఎండలో, మోకాళ్ల నొప్పులతో, మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంటికి పోదాం సార్ అన్నాను.

"ఇంటికి తర్వాత పోదాం. నీ పెండ్లాం ముందర ఇవి మాట్లాడొద్దు. ఈడ కూర్చో."

ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు నీడలో బెంచీ ఉంది. కూర్చున్నాం.

"ఎవురెవురికి చెప్పినావు?"

"ఎవురికి చెప్పాల సార్. నాకెవురుండారు?"

సార్ కోపగించుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఎవురుండారు అంటావా? ఇన్నేండ్లు నీ పక్కన కూర్చున్నోళ్లంతా ఏమైనారు? ఉద్యోగం పోయిందని చెప్పేదానికి సిగ్గేంది? దొంగతనం చేసినావా? వాండ్లకు తెలిస్తే గదా ఏదన్నా చెప్పేది. ఫోన్ తీయ్."

తీశాను. నా వేలు పేర్ల మీద నుంచి జారిపోతోంది గానీ ఆగడం లేదు. సార్ గొంతు తగ్గించి చెప్పారు. "ఏమీ లేదప్పా. ఉద్యోగం పోయింది, వెతుకుతాండా, నాకు ఫలానా పని వచ్చు, యాడన్నా వింటే చెప్పండి. ఇంతే. ఏడవొద్దు, బతిమాలొద్దు. అవతలి మనిషికి కాదు అనేదానికి చోటుండల్ల. చోటుంటేనే మళ్లా ఫోన్ ఎత్తుతాడు."

మొదట చేసినాయన పనిలో ఉన్నానని పెట్టేశాడు. తర్వాత చేసినాయన సానుభూతి చెప్పాడు. ఇంకొకాయన ఎత్తలేదు. ఒక్కోసారీ నేను సార్ మొహంలోకి చూస్తే, ఆయన రైలు పట్టాల వైపు చూస్తూ, "ఇంకొకరికి చెయ్" అనేవారు. ఓబులేసు పేరు దగ్గర ఆగాను. వాడు నాకంటే చిన్నవాడు. చిన్నవాడికి ఎలా చెప్పాలన్నాను.

"చిన్నోడంటే ఇంకా మంచిది. వానికి నీకు చెప్పే అదృష్టం పట్టనీ."

ఓబులేసు వెంటనే ఎత్తాడు. విన్నాడు. "అన్నా, మా దాంట్లో లేదు గానీ, నాతో రూములో ఉండినాయన ఒకాయన ఉండాడు. అడుగుతా. ఉంటుందని చెప్పను, అడుగుతానని చెప్తా" అన్నాడు. ఆ మాటకు నా కళ్లు మసకబారాయి. సార్ జేబులోంచి చేతిరుమాలు తీసి ఇచ్చి, తన సంచీలోంచి ఒక టిఫిన్ డబ్బా తీశారు. కూతురు కట్టిచ్చిన రొట్టెలు, చెనిక్కాయల పొడి. ఇద్దరం తిన్నాం.

అప్పుడు తట్టింది నాకు. అన్నేళ్ల ఆదివారాల్లో సార్ ఎప్పుడూ మాతో కూర్చుని తినలేదు. అందరినీ కూర్చోబెట్టి, వడ్డించి, మేము లేచాక ఎక్కడో ఒంటరిగా తినేవారు. ఆయన పక్కన కూర్చుని నేను తిన్నది డోన్ స్టేషను బెంచీ మీదే. గూడ్సు బండి ఒకటి ఎంతసేపటికీ తరగకుండా పోతూ ఉంటే, దాన్నే చూస్తూ తిన్నాం. ఆ మధ్యాహ్నం ఇంకొక్కసారి వస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఉద్యోగం లేకపోయినా సరే అనుకున్నాను.

ఉద్యోగం వెంటనే రాలేదు. ఆ ఎండాకాలమంతా ఫోన్లు చేస్తూనే ఉన్నాను. వానలు మొదలయ్యాక ఓబులేసు చెప్పినాయన పిలిచాడు. ఇంటర్వ్యూలో నాకు తెలిసింది నేను చెప్పాను. ఇప్పుడు చేస్తున్న పని అదే. ఈసారి ముందు ఓబులేసుకు చెప్పాను, తర్వాత ఆ పిలిచినాయనకు, తర్వాత సార్‌కు. సార్ మొదట అడిగింది నేను ఊహించిందే.

నా ప్లాంటు చూడాలని ఆయనకు చాలా కోరిక ఉండేది. అన్నేళ్లుగా పలకల గురించి, ఇన్వర్టర్ల గురించి నాతో చెప్పించుకున్నారు గానీ కళ్లతో చూడలేదు. "ఒకసారి తీసుకపోప్పా, ఆ అద్దాల తోట ఎట్లుంటాదో చూస్తా" అనేవారు. ఎండలు తగ్గనీ సార్, చలికాలం కారు తీసుకొస్తా అనేవాణ్ని. చలికాలాలు వచ్చాయి. ఒకసారి ఆయన మోకాలికి ఆపరేషను, ఒకసారి మా ప్లాంటులో తనిఖీలు. ఇప్పుడు సాయంత్రం పూట ఆ పలకల మధ్య నడుస్తుంటే, ఇక్కడ నిలబడితే సార్ ఏం అడిగేవారు అనుకుంటాను. ఏదో ఒకటి కచ్చితంగా అడిగేవారు. ఆ ప్రశ్న ఏమిటో నాకు ఎప్పటికీ తెలియదు.

చివరిసారి కడపలో చూసినప్పుడు ఆయనకు అప్పటికే మరుపు వచ్చింది. కూతురు ముందే చెప్పింది, "అన్నా, ఏమీ అనుకోవద్దు. మా అబ్బాకు పేర్లు గుర్తుండవు." వరండాలో నవారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. సన్నబడిపోయారు. నన్ను చూసి నవ్వారు, ఎవరికైనా నవ్వే నవ్వు. నా పేరు చెప్పాను. తల ఊపారు. ఊరి పేరు చెప్పాను. దానికీ తల ఊపారు. ఆయన కళ్లు నా మొహమంతా వెతుకుతున్నాయి. అలాంటి మనిషికి మనుషుల పేర్లు పోవడం కన్నా కష్టం ఏముంటుందనుకున్నాను.

ఆయన ఒక్కసారి వేలు ఎత్తారు.

"నువ్వు మద్దిలేటి పక్కన కూర్చున్నోడివి గదా?"

"అవును సార్."

"నీ పక్కన రాజంపేటోడు."

"అవును సార్, ఓబులేసు."

"ఆఁ" అని, దారి దొరికిన మనిషిలా వెనక్కి వాలారు. "బాగుండారా ఇద్దరూ? మాట్లాడుకుంటాండారా?"

మాట్లాడుకుంటున్నామని చెప్పాను. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. చాలాసేపు తీసుకోలేదు.

నేను కడప చేరేసరికి సార్ జనాజా భుజాల మీదికి లేవడానికి సిద్ధంగా ఉంది. ఖబరస్థాన్‌లో ముస్లింలు వరసలు కట్టి నమాజు చేస్తుంటే, మేము చెప్పులు విడిచి వెనక నిలబడ్డాం. మద్దిలేటి అన్న నా మోచేయి పట్టుకుని ఉన్నాడు. మాలాంటివాళ్లు చాలామంది వచ్చారు. వేరే వేరే ఏళ్లలో చదివినవాళ్లు, ఒకరికొకరు తెలియనివాళ్లు. కొందరు డ్యూటీ బట్టల్లోనే వచ్చేశారు. అందరం తలా ఇంత మట్టి వేశాం. మట్టి ఎర్రగా, పొడిగా ఉంది, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

బయటికి వచ్చాక గేటు పక్కన నీళ్ల డ్రమ్ము, దాని మీద ఒక ప్లాస్టిక్ చెంబు ఉన్నాయి. అందరి చేతులకూ మట్టి ఉండటంతో చెంబు ముట్టుకోవడానికి అందరూ వెనకాడారు. ముందు నిలబడ్డ తెల్లగడ్డం పెద్దాయన చెంబు ముంచి తన వెనకతని చేతుల మీద పోశాడు. అతను కడుక్కుని, చెంబు అందుకుని, తన వెనకతనికి పోశాడు. నా చేతుల మీద నీళ్లు పోసినతను ఎవరో నాకు తెలియదు. నేను చెంబు అందుకుని, నా వెనక చేతులు చాపిన మనిషికి పోశాను. ఎర్రటి నీళ్లు మా అందరి కాళ్ల మధ్య నుంచి సన్నగా రోడ్డు వైపు పారుతున్నాయి. వెనక్కి తిరిగి చూశాను. వరస గోడ మలుపు దాకా ఉంది, ఆ మలుపు అవతల ఇంకెంతమంది ఉన్నారో కనపడలేదు.